కోడికి చెప్పిన మాటలు

దేశాల మధ్య రాయబారం నడిపినవారి పేర్లను చరిత్ర భద్రంగా దాచిపెట్టుకుంది. ఎవరు ఏ ఒడంబడిక మీద ఏ కలంతో సంతకం చేశారో అద్దాల పెట్టెల్లో పెట్టి మరీ చూపిస్తారు. కావ్యాలు రాసినవాళ్లు హంసలనూ చిలకలనూ ఆ ఉద్యోగంలో పెట్టి వాటికీ కీర్తి సంపాదించి పెట్టారు. కానీ బూర్గంపాడు మండలంలో, అడవి అంచున ఉన్న ఉసిరికగుంపు అనే పల్లెలో, ఒకే పెరట్లో ఇరవై ఏళ్లకు పైగా రాయబారం నడిపిన కోడిపెట్టల గురించి ఏ చరిత్రకారుడూ ఒక్క వాక్యం రాసిన పాపాన పోలేదు. ఈ లోటును ఎవరో ఒకరు తీర్చక తప్పదు.

ఆ కోళ్లను నియమించింది చిన్నక్క. యాభై దాటిన కోయ ఆడమనిషి. ఎకరన్నర చేను చేస్తుంది, ఎండాకాలం ఇప్పపువ్వు ఏరుతుంది, పత్తి తీతల రోజుల్లో కూలికి పోతుంది. ఆమె పెనిమిటి సమ్మయ్య. సమ్మయ్యకు అన్న దూలయ్య. సారపాక పేపరు మిల్లు దగ్గర జామాయిల్ దుంగలు ఎత్తే కాంట్రాక్టు పని చేసి చేసి, నడుము ఇక నావల్ల కాదన్నాక ఇంటిపట్టున ఉంటున్నాడు. ఈ దూలయ్యకూ చిన్నక్కకూ మధ్యనే ఆ రాయబారం.

ఇద్దరికీ తగాదా ఉందనుకుంటే పొరపాటు. ఉన్నది మర్యాద. ఉసిరికగుంపు పాత పద్ధతి ప్రకారం తమ్ముడి భార్య బావతో నేరుగా మాట్లాడదు. ఎదురుపడితే పక్కకు తప్పుకుంటుంది. ఆయన కూర్చున్న మంచం మీద కూర్చోదు. ఆయనా అంతే. మరదలు పెరట్లో ఉందనిపిస్తే ఓసారి దగ్గి, ఆ తర్వాతే అడుగు పెడతాడు. ఇప్పటి కోడళ్లకు ఇదంతా పట్టదు. బావలకు వాట్సాప్‌లో పువ్వుల బొమ్మలు పెట్టి శుభోదయం చెబుతున్నారు. చిన్నక్క వాళ్లను తప్పు పట్టదు. పెళ్లయి వచ్చిన రోజున మొదలుపెట్టిన పనిని మధ్యలో వదిలేయడం తనకు చేతకాదు, అంతే.

సమ్మయ్య బతికున్నంత కాలం నడుమ మనిషిగా ఆయనే ఉన్నాడు. ఆయన జ్వరం వచ్చి పోయేనాటికి కూతురు వనజ ఇంకా అంగన్‌వాడీ పిల్ల. దూలయ్యకు అప్పటికే భార్య లేదు, పిల్లలు మొదటినుంచీ లేరు. తన గుడిసెను తమ్ముడి గుడిసె పక్కకు మార్చుకున్నాడు. రెండు గుడిసెలు, ఒక పెరడు, ఒక పొయ్యి. సంసారం అన్నాక మాటలు కావాలి. విత్తనాలు తేవాలి, ఎద్దును చూపించాలి, పిల్లను హాస్టల్లో వేయాలి. చెప్పుకోవడానికి నడుమ మనిషి లేడు. ఆ సంధి సమయంలో పెరట్లో ఒక కోడిపెట్ట తిరుగుతోంది.

"పెట్టా, జొన్నలు అయిపోయినయి," అంది చిన్నక్క దానితో, అవతల దూలయ్యకు వినపడేంత గొంతుతో.

దూలయ్య కాసేపు ఆలోచించి, కాళ్ల దగ్గర పడుకున్న కుక్క వైపు తిరిగాడు. "ఒరే, సంత రోజు తెస్తమని చెప్పు," అన్నాడు.

ఒడంబడిక కుదిరింది. అప్పటినుంచి చిన్నక్క చెప్పేది కోడికి, దూలయ్య చెప్పేది కుక్కకు. కోళ్లు మారాయి. ఒక్కోసారి నిన్నటి రాయబారి ఇవాళ పులుసులో కనబడేది. అయినా పదవి ఒక్కపూట ఖాళీగా ఉండలేదు. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. కోడికి చెప్పేది బావ కోసమే కనుక, చిన్నక్క కోడిని ఏకవచనంలో పలకరించదు. తింటరా, పోయొస్తరా, పంటరా అనే అడుగుతుంది. పాత ఖమ్మం జిల్లా మొత్తంలో అంత గౌరవం పొందిన కోళ్లు వేరే ఉండవు. ఇలా ఆ ఇంట్లో చేను సాగింది, బోరు పడింది, వనజ భద్రాచలంలో డిగ్రీ దాకా చదివింది. ఇద్దరు మనుషులు ఒక్క మాట నేరుగా అనుకోకుండా ఒక పిల్లను పెంచి పెద్ద చేశారు. తలుచుకుంటే ఒళ్లు గగుర్పొడిచే విషయమే. వాళ్లు మాత్రం ఎప్పుడూ తలుచుకోలేదు.

వనజకు ఖమ్మంలో ఉద్యోగం దొరికింది. ఆ ఇంట్లో నెల జీతం అనే మాట అదే మొదటిసారి వినడం. హైదరాబాదు కంపెనీ ఒకటి పిల్లల కోసం బొమ్మల సీరియల్ తీసింది. అడవిలో దారి తప్పిన కోడిపెట్టకూ ఒంటరి ఎలుగుబంటికీ స్నేహం కుదరడం దాని కథ. ఎలుగుబంటికి కోడి తిండి కాదు, అలాగని చుట్టమూ కాదు. కలిసి బతకాల్సిన అవసరమే లేని ఆ రెండు జంతువులు పదమూడు భాగాల పాటు కలిసి బతుకుతాయి. దాన్ని కోయ భాషలో కూడా చేసి అంగన్‌వాడీల్లో చూపిద్దామని కంపెనీ అనుకుంది. బొమ్మలు గీయడం అయిపోయింది, గొంతులు మార్చితే చాలు. ఆ పనిని ఖమ్మంలోని ఒక చిన్న స్టూడియోకు అప్పజెప్పింది. మాటలను కోయలోకి తిప్పే పని వనజది.

మొదట కాలేజీ పిల్లల చేత గొంతులిప్పించారు. ఉసిరికగుంపు అంగన్‌వాడీ టీచరు ప్రమీల ఆ ముక్కను పిల్లలకు చూపించింది. పిల్లలు శ్రద్ధగా చూశారు. చూసి ఒకటే ప్రశ్న అడిగారు.

"టీచర్, ఈ ఎలుగొడ్డు హాస్టల్ల సదువుకున్నదా?"

ఈ సమీక్ష హైదరాబాదు దాకా వెళ్లింది. సరైన గొంతులు దొరికితే సరి, లేకపోతే కోయ సీరియల్ మానేద్దాం అని కంపెనీ తేల్చేసింది. సీరియల్ మానేస్తే వనజ ఉద్యోగమూ మానేసినట్టే. ఆ సంగతి ఆమె ఇంట్లో దాచలేదు. చిన్నక్క కోడికి చెప్పింది. దూలయ్య ఆ రోజు కుక్కతో ఏమీ అనలేదు.

స్టూడియో నడిపే శ్రీనివాస్ అడవి చప్పుళ్లు రికార్డు చేసుకుందామని ఒక ఆదివారం వనజతో కలిసి ఉసిరికగుంపు వచ్చాడు. కారేపల్లి దగ్గర తండాలో పుట్టి, హైదరాబాదులో యానిమేషన్ చదివి వచ్చిన మనిషి. పెరట్లో మంచం వేసి కూర్చోబెట్టారు. వాగు చేపల పులుసుతో అన్నం పెట్టారు. అతిథికి అర్థం కావాలని ఆ పూట అందరూ తెలుగులోనే మాట్లాడారు. దూలయ్య కాస్త ఎడంగా, అటు తిరిగి కూర్చుని తింటున్నాడు.

చిన్నక్క గరిటె పట్టుకుని కోడి వైపు తిరిగింది. "ఇంకింత పులుసు ఎయ్యాల్నా?"

కోడి ఏమీ అనలేదు.

దూలయ్య నల్లకుక్క తల నిమిరాడు. "సాలురా. పొద్దుగాల తాగిన జావనే ఇంక అరగలే."

"మెల్లగ తినుండ్రి," అంది చిన్నక్క కోడితో. "ముండ్లుంటయి, సూసుకోండ్రి."

శ్రీనివాస్ చేతిలోని ముద్ద చేతిలోనే ఆగింది. గింజలేరుకుంటున్న కోడికి ఒక పెద్దామె చేపముళ్ల గురించి జాగ్రత్త చెబుతోంది. అదీ మన్నించి చెబుతోంది.

"ఒరే, రేపు మోటరు మెకానిక్ వస్తడట," అన్నాడు దూలయ్య కుక్కతో. "ఇంటికాడ ఎవరన్న ఉండాలె."

"ఉంటమని చెప్పుండ్రి," అంది చిన్నక్క కోడితో.

శ్రీనివాస్ చేయి కడుక్కోవడం కూడా మరిచిపోయాడు. "అమ్మా, మీరు రోజూ గిట్లనే మాట్లాడతరా?"

"మాట్లాడకపోతే ఇల్లెట్ల నడుస్తది నాయినా?"

"మరి అవి అర్థం చేసుకుంటయా?"

"వాటికేం అర్థమైతది?" అంది చిన్నక్క. "వినేటోళ్లు వింటరు."

శ్రీనివాస్ ఆ మాటను వేదాంతం కింద జమకట్టుకున్నాడు. జంతువులతో ఇంత సహజంగా, ఇంత గౌరవంగా మాట్లాడే మనుషులు ఇంకా ఉన్నారని అతనికి తెలియదు. ఊరు ఊరంతా వెతికినా దొరకని కోడీ ఎలుగుబంటీ ఒకే పెరట్లో దొరికారు. అక్కడే, మంచం మీదే, హైదరాబాదుకు ఫోన్ చేశాడు. అసలు సంగతి చెప్పడానికి వనజ నోరు తెరిచింది. ఈలోగా ఆమె ఉద్యోగం నిలబడిందన్న మాట ఫోన్లో వినిపించింది. తెరిచిన నోరు మూసుకుంది.

చిన్నక్క, దూలయ్య ఎందుకు ఒప్పుకున్నారని అడిగితే, బిడ్డ పని కోసం అని ఇద్దరూ చెబుతారు. ఒకరు కోడికి, ఒకరు కుక్కకు.

స్టూడియో ఖమ్మంలో ఒక కోచింగ్ సెంటరు పైఅంతస్తులో ఉంది. సారపాకలో పొద్దున్నే బస్సెక్కారు. చిన్నక్క ముందు ఆడవాళ్ల సీట్లలో, దూలయ్య వెనక చివరి సీట్లో, వనజ మధ్యలో. స్టూడియో గదిలోకి అడుగుపెట్టి చిన్నక్క గోడలు తడిమి చూసింది.

"గోడలకు పరుపులేసిండ్రేంది బిడ్డా? తల కొట్టుకుంటరా ఈడ?"

"చప్పుడు రాకుంట అమ్మా," అంది వనజ.

అయినా కింద లెక్కల మాస్టారు చెబుతున్న త్రికోణమితి సన్నగా వినిపిస్తూనే ఉంది. శ్రీనివాస్ రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి, రెండు మైకులు పెట్టాడు. మాటల్లో జీవం రావాలంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ చెప్పాలని అతని సిద్ధాంతం. చిన్నక్క తన కుర్చీని గోడ వైపు తిప్పుకుంది. దూలయ్య తన కుర్చీని తలుపు వైపు తిప్పుకున్నాడు. తెర మీద ఎలుగుబంటి తెలియక కోడిగుడ్ల మీద కూర్చుంది. అప్పుడు కోడి అనాల్సిన మాట: "ఒరే బొచ్చోడా, నా గుడ్ల మీద కూసున్నవు. లే."

చిన్నక్క అనలేదు. తెర మీద కోడి ముక్కు తెరిచి మూసింది. మళ్లీ వేశారు. మళ్లీ తెరిచి మూసింది.

శ్రీనివాస్ ఇది మైకు భయం అనుకుని టీ తెప్పించాడు. టీ తాగారు. కోడి మళ్లీ నోరు తెరిచి మూసింది. బిస్కెట్లు తెప్పించబోతుంటే వనజ ఇక ఆగలేకపోయింది.

"సార్, మా అమ్మ మా పెద్దనాయినతోని మాట్లాడదు. మరదలు వరస గదా."

"మరి ఆరోజు కోడితోని?"

"కోడితోని కాదు సార్."

శ్రీనివాస్ కుర్చీలో వెనక్కి వాలాడు. ఆశ చావక ఇంకో మాట అడిగాడు. "కుక్కతోని?"

"కుక్కతోని గూడ కాదు."

శ్రీనివాస్ మొహం చూసి వనజకే జాలేసింది. "మా నాయినమ్మ కమ్లి," అన్నాడు చివరికి, "మా తాత అన్న ఎదురొస్తే కొంగు మొహం మీదికి లాక్కునేది. ఆయన సచ్చిపోయేదాంక ఆమె మొహం ఎట్లుంటదో చూడలే. అదంత కండ్లార చూసినోన్ని. నాకెట్ల తట్టలేదు?"

విడివిడిగా రికార్డు చేద్దామన్నాడు. దూలయ్యను బయట బెంచీ మీద కూర్చోబెట్టి తలుపు మూశారు. చిన్నక్క తెర మీది ఎలుగుబంటిని చూసి తల అడ్డంగా ఊపింది.

"పెద్దనాయిన లేడు గదమ్మా ఈడ," అంది వనజ.

"మనిషి లేకపోతేంది బిడ్డా, వరస ఉన్నది గద. ఆ ఎలుగొడ్డు గొంతు ఎవల్ది?"

దీనికి సాంకేతికంగా సమాధానం లేదు. దూలయ్యను మళ్లీ లోపలికి పిలిచారు. ఎవరికీ ఏం చేయాలో తోచక, తెర మీద ఆగిపోయిన బొమ్మ వైపు చూస్తూ కూర్చున్నారు. వనజ చూస్తున్నది మాత్రం బొమ్మను కాదు. కంపెనీకి ఏమని చెప్పాలో వెతుక్కుంటోంది.

అప్పుడు దూలయ్య మైకు స్టాండుతో మాట్లాడాడు. "ఆ మూలకు కప్ప ఒకటి కూసున్నది. దానికేం పని లేనట్టున్నది."

నిజమే. హైదరాబాదులో బొమ్మలు గీసిన ఆర్టిస్టు ఒకడు తన సరదా కోసం ప్రతి దృశ్యంలోనూ ఓ మూల చిన్న పచ్చకప్పను గీసిపెట్టాడు. కథలో దానికి పాత్ర లేదు. ఊరికే ఉంటుంది. ఇన్ని భాషల్లో ఇంతమంది చూసినా దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

చిన్నక్క కళ్లు చిట్లించి చూసింది. "బిడ్డా, ఆ కప్పకు చెవులున్నయా?"

"ఉన్నట్టే గీసిండ్రు," అన్నాడు శ్రీనివాస్.

"అయితే ఆడిపియ్యి."

బొమ్మ కదిలింది. ఎలుగుబంటి గుడ్ల మీద కూర్చుంది. చిన్నక్క గొంతు సవరించుకోలేదు, మైకు వైపు జరగలేదు. తన పెరట్లో ఉన్నట్టే అంది. "కప్పా, కింద గుడ్లున్నయి. జర లేస్తరా?"

"సూస్కోలే కప్పా," అంది ఎలుగుబంటి దూలయ్య గొంతుతో. "పొద్దుగాల కండ్లు సరిగ కానరావు."

వాళ్లు అన్నది కోయలో. చదివేవారి సౌకర్యం కోసం తెలుగులోకి దించాం. దింపడంలో చాలా పోయింది. శ్రీనివాస్‌కు కోయ రాదు. అయినా చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్లను రెండు చేతులతో అదిమి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఏ నటుడికి నేర్పినా రానిది ఆ గొంతుల్లో ఉంది. మాట ఒకరికి చెబుతూ ఇంకొకరికి చేర్చడం, చేరిందో లేదో చూడకుండానే తెలుసుకోవడం. దాని వెనక ఇరవై ఏళ్ల సాధన ఉంది.

వనజ ఆ రాత్రే మొదటి భాగం మాటలన్నీ కప్ప మీదుగా తిప్పి రాసింది. ఎలుగుబంటి కోడిని ఒక్క మాటా నేరుగా అనదు. కోడి ఎలుగుబంటిని ఏకవచనంలో అనదు. వెటకారాలన్నీ కప్ప మీదుగా, మర్యాదగా వెళ్లి తగులుతాయి.

మొదటి భాగం తయారయ్యాక ప్రమీల అంగన్‌వాడీ గోడకు తెల్లబట్ట కట్టి చూపించింది. పిల్లలతో పాటు పెద్దలూ వచ్చి నిలబడ్డారు. వాళ్లకు బొమ్మలు కొత్త కాదు. తెలుగు మాట్లాడే ఎలుకలనూ హిందీ మాట్లాడే ఏనుగులనూ చూసినవాళ్లే. బట్ట మీద ఎలుగుబంటి అడవిలోంచి వచ్చి, ఆవులించి, కోయలో మాట్లాడింది.

ఎవరూ నవ్వలేదు. గుసగుసలు ఆగిపోయాయి. పాలు తాగుతున్న పిల్ల కూడా తల తిప్పి చూసింది. తమ మాట అంత పెద్ద జంతువు నోట్లోంచి రావచ్చునని అప్పటిదాకా అక్కడెవరికీ తోచలేదు. ఆ మాట పెద్దగా వినపడ్డ చోటల్లా, సంతలో అయినా దవాఖానాలో అయినా, ఎవరో ఒకరు తెలుగులో చెప్పమనేవారు. ఇక్కడ ఎలుగుబంటి చెబుతోంది, దాన్ని ఎవరూ ఏమీ అనడం లేదు. ఒక ముసలాయన తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. ఎందుకు తీశాడో ఆయనకూ తెలియదు.

కాసేపటికి ఒక పిల్ల అంది. "గీ కోడి మా చిన్నక్క అవ్వ లెక్కనే ఉన్నది."

అప్పుడు అందరూ నవ్వారు. హైదరాబాదుకు రిపోర్టు వెళ్లింది. వనజ జీతం నిలబడింది. భాగం తర్వాత భాగం పూర్తవుతూ వచ్చింది. చిట్టచివరి భాగం వచ్చేసరికి అందులో కప్ప లేదు.

కథ ప్రకారం వాగు పొంగుతుంది. కోడి కొట్టుకుపోతున్న దుంగ మీద చిక్కుకుంటుంది. ఎలుగుబంటి వానలో ఒడ్డు వెంబడి వెతుకుతూ, చూపు ఆనక లోతు వైపు అడుగులేస్తుంది. కోడి కేకేయాలి. ఆ కేక విని ఎలుగుబంటి తిరగాలి. అంత ముఖ్యమైన దృశ్యంలో మూలమూలా వెతికినా కప్ప కనబడలేదు. హైదరాబాదుకు ఫోన్ చేస్తే కారణం తెలిసింది. ఆ భాగం బొమ్మలు గీసేనాటికే కప్పను గీసే ఆర్టిస్టు వేరే కంపెనీలో చేరిపోయాడు.

వనజ ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పింది. పెరట్లో చాలాసేపు ఎవరూ ఎవరితోనూ, దేనితోనూ మాట్లాడలేదు.

"ఒరే," అన్నాడు దూలయ్య చివరికి కుక్కతో, "నేను మానేస్తనని చెప్పు. ఎలుగొడ్డుకు ఇంకొకల్ని పెట్టుకోమను."

"గట్ల కాదు పెద్దనాయినా," అంది వనజ. "గొంతు మారితే ఎనకటియన్ని మల్ల చెయ్యాలె. కంపెనోల్లు ఒప్పుకోరు. అంత ఆగిపోతది. నా పని గూడ."

చిన్నక్క కోడి వైపు చూసింది. "పోతమని చెప్పుండ్రి," అంది. "ఏమైతే అదైతది."

మర్నాడు బస్సులో ఆమె ఏమీ తినలేదు. ముందురోజు కట్టిపెట్టిన సద్ది మూట విప్పను కూడా విప్పలేదు. స్టూడియోలో కుర్చీ గోడ వైపు తిప్పుకుని కూర్చుని, శ్రీనివాస్‌ను ఒక మాట అడిగింది.

"పళ్లెం కొట్టొచ్చా నాయినా?"

ఆ ప్రశ్నకు ఒక కారణం ఉంది. గోదావరి ఊళ్ల మీదికి వచ్చిన ఏడాది దూలయ్య ఎద్దుల కోసం చేలోకి వెళ్లాడు. వెనకనుంచి నీళ్లు వస్తున్నాయి, ఆయన చూడలేదు. గట్టు మీద చిన్నక్క ఉంది. చుట్టుపక్కల కోడి లేదు. అప్పుడామె చేతిలోని స్టీలు పళ్లేన్ని రాయితో కొట్టింది. ఆయన తిరిగి చూసేదాకా కొడుతూనే ఉంది. చూశాడు, ఎద్దులతో సహా బయటపడ్డాడు. అంత వరదలోనూ ఆమె నోరు మెదపలేదు.

"కోడికి చేతులుండవు గదమ్మా," అన్నాడు శ్రీనివాస్ మెల్లగా.

అది కాదనలేని మాట. బొమ్మ వేశారు. ఎలుగుబంటి లోతు వైపు నడిచింది. చిన్నక్క నేల చూపులు చూసింది. కోడి ముక్కు తెరిచి మూసింది. మళ్లీ వేశారు. ఎలుగుబంటి మళ్లీ లోతు వైపే నడిచింది. చిన్నక్క తలుపు వైపు చూసింది. శ్రీనివాస్ వేస్తూనే ఉన్నాడు. వేసిన ప్రతిసారీ ఎలుగుబంటి అదే వానలో, అదే తప్పు దారిలో, అంతే నమ్మకంగా నడిచిపోతోంది. వనజ గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది.

చిన్నక్క తెర వైపు చూసింది. చూపు మళ్లీ తిప్పుకోలేకపోయింది. ఎలుగుబంటి ముందరి కాలు నీళ్లలో పెట్టింది.

"బావా," అంది చిన్నక్క. "అటు గాదు. ఇటు."

ఆ మాట పెద్దగా అనలేదు. కానీ దాని వెనక ఎంత కాలం ఉందో, ఆ గదిలోని పరుపుల గోడలకు కూడా తెలిసినట్టయింది. కింద లెక్కల మాస్టారు ఎందుకో ఆగాడు. శ్రీనివాస్ వేళ్లు మీటల మీదే నిలిచిపోయాయి. వనజ కళ్లు తెరిచింది. కళ్ల ముందు ఏదో పెద్ద చెట్టు చప్పుడు లేకుండా ఒరిగినట్టు, ఎప్పుడూ మూసే ఉన్న అడవి దారి ఒకటి విచ్చుకున్నట్టు, ఆమె తల్లిని చూసింది.

బొమ్మలో ఎలుగుబంటి తిరగడానికి ఇంకా కాస్త టైముంది. దూలయ్య ముందే తిరిగాడు. కుర్చీతో సహా తిరిగాడు. చిన్నక్క కూడా ఇటే చూస్తోంది. ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు పూర్తిగా చూడటం అదే మొదలు. దూలయ్య జుట్టు తెల్లబడిందని చిన్నక్కకు తెలుసు, ముందునుంచి ఎలా ఉంటుందో తెలియదు.

ఎలుగుబంటి అనాల్సిన మాటను వనజ ఆయనకు కంఠస్థం చేయించింది. "వస్తున్న, భయపడకు" అనాలి. దూలయ్య పెదవులు కదిలాయి. మైకు స్టాండు వైపు చూడలేదు. కాళ్ల దగ్గర కుక్క లేదు.

"అన్నం తిన్నవా?" అన్నాడు.

ఆ పెరట్లో అన్నేళ్లూ ఆ ప్రశ్న ఒక్క వైపే నడిచింది. వండి పెట్టే మనిషి అడిగేది, తినే మనిషి చాలనేవాడు. వండిన మనిషి తిన్నదా లేదా అని తిరిగి అడగడానికి ఆయనకు వరస లేకపోయింది. కుక్కతో అడిగించదగ్గ ప్రశ్న కాదది. బస్సులో విప్పని సద్ది మూటను చివరి సీట్లోంచి ఆయన చూశాడు.

తెర మీద వాన పడుతూనే ఉంది. ఎలుగుబంటి ఒడ్డున, కోడి దుంగ మీద, ఇద్దరూ ఆగి ఉన్నారు.

"ఇంకా లేదు," అంది చిన్నక్క.

శ్రీనివాస్ మిషను ఆపలేదు, ఆపాలని అతనికి గుర్తు రాలేదు. కోయ రాని అతనికి కూడా ఏమన్నారని అడగాల్సిన అవసరం పడలేదు. ఆ ముక్కను ఉన్నదున్నట్టు హైదరాబాదుకు పంపాడు. అక్కడ ఎవరెవరో విన్నారు, తెలుగులో అర్థం రాసిమ్మన్నారు, మళ్లీ విన్నారు. చాలాసేపటికి జవాబు వచ్చింది. మాటలు రాసినట్టు లేకపోయినా అలాగే ఉంచమన్నారు. మిగతా భాషల్లో కూడా ఎలుగుబంటి చేత అదే ప్రశ్న అడిగిద్దామా అని ఆలోచిస్తున్నామన్నారు. రెండో సీరియల్ కోయ పని కూడా వనజతోనే చేయించమన్నారు.

శ్రీనివాస్ ఆ జవాబు చదివి వినిపిస్తుంటే ముగ్గురూ నిలబడి విన్నారు. తర్వాత మెట్లు దిగారు. ముందు వనజ, తర్వాత చిన్నక్క, రెండు మెట్ల ఎడంలో దూలయ్య. కోచింగ్ సెంటరు పిల్లలు పుస్తకాలతో దారిచ్చి పక్కకు నిలబడ్డారు. పక్క వీధిలో ఉన్న హోటల్లోకి వెళ్లి, ఒకే బల్ల దగ్గర, ఒకే బెంచీ మీద కూర్చున్నారు. వనజ మూడు భోజనాలు చెప్పింది.

అప్పటికి అన్నం అయిపోయింది. పూరీ తిన్నారు.